చెవులతో చదివిన ఎమ్మే

అక్షరాలు చదవడం రాని పిల్ల ఎమ్మే దాకా ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, చెవులతో వచ్చిందని చెబుతాను. అడిగినవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. నాకిది ఎగతాళి విషయం కాదు, ఒక్కదాన్నే మోసిన బరువు.

పుస్తకం తెరిస్తే నాకు అక్షరాలు కనిపించకపోవడమంటూ లేదు. కనిపిస్తాయి, కుదురుగా ఉండవు. ఒక పదాన్ని పట్టుకునేలోపు పక్క పదం వచ్చి దాని మీద పడుతుంది. పై వరస కిందికి దిగుతుంది. చక్కెర డబ్బా మూత తీయగానే చీమలు చెదిరినట్టు పేజీ అంతా చెదురుతుంది. తెలుగూ బెంగాలీ ఇంగ్లీషూ మాట్లాడగలను, మూడింట్లోనూ సమానంగా చదవలేను. దీన్ని డిస్లెక్సియా అంటారని డిగ్రీలో ఉండగా ఎవరో వీడియోలో చెబుతుంటే విన్నాను. పేరు తెలిసింది కదా అని చీమలేమీ ఆగలేదు.

మాది ఖరగ్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరాడు. నాన్న గూడ్సు బండి డ్రైవరు. ఆదివారం తెలుగు చర్చి, మిగతా రోజులు డ్యూటీ. చర్చిలో పిల్లలకు వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీ పెడితే ప్రతిసారీ బహుమతి నాకే వచ్చేది. పక్క పిల్ల చదువుతుంటే ఒకసారి విని పట్టేసేదాన్ని. బైబిల్ ఒళ్ళో తెరిచి, వేలు వరస వెంట నడుపుతూ, పెదవులు కదుపుతూ కూర్చునేదాన్ని. ఒక ఆదివారం దాన్ని తలకిందులుగా పట్టుకున్నానని ఆ పిల్లే మోచేత్తో పొడిచి చెప్పింది. పాస్టరుగారు మాత్రం నా భక్తికి మురిసిపోయేవారు.

బళ్ళో అంత సులువుగా నడవలేదు. నాలుగో తరగతిలో ఒక టీచరు నన్ను నిలబెట్టి పాఠం గట్టిగా చదవమంది. నోరు తెరిచి నిలబడ్డాను. క్లాసంతా నవ్వింది, టీచరు మొద్దు అని చివరి బెంచీకి పంపింది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే నన్ను తిట్టలేదు, గోడ వైపు తిరిగి ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇక ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వనని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

అనుకున్నట్టే నెట్టుకొచ్చాను. పక్క ఊళ్ళో విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎమ్మే. రోజూ మేదినీపూర్ లోకల్లో వెళ్ళేదాన్ని. నా క్లాసులోనే చదివే ఒక బెంగాలీ అమ్మాయి లేడీస్ పెట్టెలో నా పక్కన కూర్చుని నోట్సు పైకి చదువుకునేది. పైకి చదవకపోతే ఆ పిల్లకు బుర్రకెక్కదు, వినకపోతే నాకు ఎక్కదు. ఆ పిల్ల తన చదువు తను చదువుకుంటున్నాననుకునేది. కంసావతి నది మీద వంతెన వచ్చేసరికి బండి చప్పుడుకు ఏమీ వినిపించక నాకు ప్రాణం మీదికొచ్చేది. క్లాసులో మొదటి బెంచీ నాది. మాకు పాఠం చెప్పే మేడమ్ గొంతు స్పష్టంగా ఉండేది, చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు కూడా ఆమెకుండేది. మిగతావాళ్ళు విసుక్కునేవారు. నేను ఆ అలవాటుకు మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

పరీక్షల్లో తప్పుల తడకగా రాసినా అంచుల మీద నడిచి గట్టెక్కేదాన్ని, ఒక్క పేపరులో తప్ప. అందులో పాత కాలపు పత్రాల్లోంచి ఒక భాగం ఇస్తారు, అక్కడికక్కడ చదివి వ్యాఖ్య రాయాలి. ముందు విన్నదేదీ అక్కడ అక్కరకు రాదు. తప్పాను. దాన్ని చివరి సెమిస్టర్‌తో కలిపి మళ్ళీ రాయాలి. ఈసారి కూడా తప్పితే ఎమ్మే పట్టా లేనట్టే.

సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి లోకం తలుపులు మూసుకుంది. లోకల్ రైలు ఆగిపోయింది. రైల్లో చదివే ఆ పిల్ల తన ఊరు వెళ్ళిపోయింది, అక్కడ ఫోను మోగడమే గొప్ప. నా చెవులు రెండూ ఆ రైల్లోనే ఉండిపోయినట్టయింది.

నిమ్‌పురాలో రైల్వే యార్డు గోడ పక్కనే మా క్వార్టరు. ముందొక గది, వెనకొక గది, వంటిల్లు, పెరడు. పెరట్లోంచి సందు చుట్టి ముందుకు రావచ్చు. ప్యాసింజరు బళ్ళు ఆగినా గూడ్సులు ఆగలేదు కాబట్టి నాన్న డ్యూటీకి వెళుతూనే ఉన్నాడు. వచ్చి పెరట్లో స్నానం చేసి ముందు గదిలో దూరేవాడు. రెండు గదుల మధ్య తలుపుకు అమ్మ మా వైపు నుంచి గడియ పెట్టేసింది. భోజనం వరండాలో స్టూలు మీద పెట్టి వచ్చేది. ఆయన అటు, మేమిటు. ఇంట్లో ఫోను సిగ్నలు కాస్తో కూస్తో అందేది ముందు గదిలోనే. ఆ గది నాకు మూసుకుపోయింది.

వెనక గదికి ఒకటే కిటికీ. దానికి అవతల గోడ, గోడకు అవతల యార్డు. పగలంతా వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు. ఎక్కడెక్కడికో బళ్ళు కదిలిపోతున్నాయి, నేను మాత్రం ఆ గదిలో మంచం మీద, ఆ మంచం అంచున, ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని కూర్చుని ఉన్నాను. మేడమ్ గొంతు ఒక ముక్క వినిపించేది, రెండు ముక్కలు పోయేవి. ముఖాలు లేవు, నల్లటి గళ్ళు. కాసేపటికి గొంతు కూడా పోయి ఒక వాక్యం తెర మీదికి వచ్చేది, "నెట్‌వర్క్ బాలేదు, నోట్సు గ్రూపులో పెడుతున్నాను" అని. ఆ వాక్యం కూడా నేను చదవలేదు, ప్రతిరోజూ అదే ఆకారంలో రావడం వల్ల గుర్తుపట్టాను.

నోట్సు అంటే పీడీఎఫ్‌లు. ఫోనుకు పైకి చదివే ఏర్పాటు ఉందని తెలిసి ఎగిరి గంతేశాను. కానీ మాకు పంపినవి ఎవరో పుస్తకం మీద వంగి వంకరగా తీసిన ఫొటోలు, అంచున ఒక బొటనవేలు సహా. ఫోనుకు వాటిలో అక్షరాలే కనబడలేదు. ఆ విషయంలో నాకూ దానికీ తేడా లేకపోయింది.

ఊపిరాడేది కాదు. ఉక్కపోతకు కాదు. క్లాసులో ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడేవారు, ఆ మాటల మధ్య నా లోపం దాక్కునేది. ఇప్పుడు అందరూ రాస్తున్నారు. సందేహం రాత, జవాబు రాత, హాజరు కూడా రాత. నన్ను ఏరి కోరి నాకు చేతకాని చోట పడేసి తలుపు వేసినట్టుంది. అమ్మ మీద అరిచేదాన్ని, గిన్నెల మీద అరిచేదాన్ని. అమ్మ తిరిగి ఒక్క మాట అనేది కాదు, దాంతో నాకు ఇంకా కోపం వచ్చేది.

ఒకరోజు మేడమే ఫోన్ చేసింది. మిగిలిపోయిన పేపరుకు రాతపరీక్ష ఉండదట, వీడియోలో నోటితో చెప్పడమేనట. ఎంత సంతోషించానంటే అమ్మను పట్టుకుని తిప్పేశాను. తర్వాత ఆమె మిగతాది చెప్పింది. గ్రూపులో పెట్టిన పాత పత్రాల్లోంచి ఒక భాగం తెర మీద చూపిస్తారు, చదివి దాని మీద మాట్లాడాలి. బయటి నుంచి ఇంకో పరీక్షకుడు కూడా వస్తాడు. ఫోను పెట్టేసి మంచం మీద కూలబడ్డాను.

అదే వారంలో నాన్నతో ఇంజనులో పనిచేసే అసిస్టెంటుకు జ్వరం వచ్చి, పరీక్షలో వైరస్ అని తేలింది. నాన్నకు ఏమీ లేదు, కానీ రెండు వారాలు గది దాటవద్దని ఆఫీసువాళ్ళు చెప్పారు. అలా ఆయన కూడా నాలాగే చిక్కుపడ్డాడు. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో ఉండగా, ఒక పేజీ ముందు పెట్టుకుని మొదటి వరస కోసం పెనుగులాడి పెనుగులాడి, ఫోను మంచం మీద విసిరి ఏడ్చేశాను. తలుపు అవతల దగ్గు వినిపించింది.

"ఏటమ్మీ, ఏటైనాది? జొరమేటి?"

"కాదు నాన్నా."

"మరేటి?"

తలుపు మధ్య ఉంది కాబట్టి చెప్పగలిగాను. ఎదురుగా ఉంటే చచ్చినా చెప్పేదాన్ని కాదు. "నాకు సదవడం రాదు నాన్నా. సిన్నప్పటి నుంచీ రాదు. అచ్చరాలు నిలవవు. ఇన్నాళ్ళూ వినీసి నెట్టుకొచ్చినాను. ఇప్పుడు వినడానికేటీ నేదు."

అవతల కుర్చీ కిర్రుమంది. ఇదేం పాపం అని ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, అమ్మలాగా గోడ వైపు తిరిగి.

"నాను సూసినాను," అన్నాడు. "నువ్వు పుస్తకం పట్టుకుంటే పేజీ తిరగదు. అడిగితే నీకు కోపమొస్తాదని అడగనేదు. ఆ కాయితాలు నా ఫోనుకి పంపు. నాను సదువుతాను."

"నీకర్తం కాదు నాన్నా. అది పాత గవర్నమెంటు రిపోర్టులు, ఇంగిలీసు."

"నాకెందుకర్తం అవ్వాలి? సిగ్నల్ ఎవలేసినారో, ఎందుకేసినారో ఇంజన్లో నాకు తెలుస్తాదేటి? కనపడింది కనపడినట్టు సెప్తాను. నువ్వు తిరిగి సెప్పు."

ఆయన ఉద్యోగం అలాంటిది. ఇంజనులో ఇద్దరుంటారు. సిగ్నలు కనబడగానే ఒకరు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా చెప్పాలి, రెండోవారు కూడా చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా వస్తేనే అది సిగ్నలు. ముప్పై ఏళ్ళుగా అదే పని చేసి చేసి ఆయనకు ఇంట్లో కూడా అదే అలవాటు. అమ్మ "పాలు పొంగుతున్నాయి" అంటే, "పాలు పొంగుతున్నాయి" అని చెయ్యెత్తి చెప్పేవాడు తప్ప లేచి పొయ్యి ఆపేవాడు కాదు. స్కూటరు మీద గోల్‌బజార్ వెళుతుంటే, ప్రతి మలుపులో వెనక కూర్చున్న అమ్మ "ఖాళీ" అనాలి, ఆయన "ఖాళీ" అనాలి, అప్పుడే బండి తిరుగుతుంది. అమ్మ అలిగి మాట్లాడని రోజున ఒకసారి మలుపు దగ్గరే ఆగిపోయాడు, వెనక రిక్షావాళ్ళంతా బూతులు తిడుతున్నా.

అలా మా చదువు మొదలైంది. తలుపు అవతల కుర్చీలో ఆయన, ఇవతల నేల మీద తలుపుకు వీపు ఆనించి నేను. అద్దాలు పెట్టుకుని ఒక్కో ముక్కా రూల్ పుస్తకం చదివినట్టు చదివేవాడు. కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదివేవాడు. ఫుల్‌స్టాప్ అన్నాక ఆగిపోయేవాడు. నేను అదంతా తిరిగి చెప్పేదాకా అడుగు ముందుకు పడేది కాదు.

"పలకవేటి? బండి నిలిపీసినాను," అనేవాడు.

"విన్నాను నాన్నా. ముందుకెళ్ళు."

"విన్నావని నాకెలగ తెలుస్తాది? తిరిగి సెప్తేనే విన్నట్టు."

నిజం చెప్పాలంటే మొదట్లో అసహ్యం వేసింది. ఒక గదిలో బందీగా ఉన్నది చాలక, ఇప్పుడు ఒక గొంతులో కూడా బందీనయ్యాను. ఒకసారి విసుగెత్తి తలుపును కాలితో తన్నాను. ఆయన ఏమీ అనలేదు, ఆగిన చోటు నుంచి అదే వాక్యం మళ్ళీ మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లోంచి, "మీ ఇద్దరి గోలకి నా బుర్ర పగిలిపోతంది. ఆ ఫుల్‌స్టాపు ఇంకెంత దూరమేటి?" అని అరిచింది. అవతల నాన్న నవ్వాడు. ఇవతల నాకూ నవ్వొచ్చింది, ఆ ఇంట్లో నవ్వి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

కొన్ని రోజులకు పేజీలు నాలో నిలవడం మొదలయ్యాయి. ఒక పేజీ అయ్యాక దాని సారం నేను నా మాటల్లో గట్టిగా చెప్పేదాన్ని. ఆయన దాన్ని కూడా పొల్లుపోకుండా తిరిగి చెప్పి, చివర "ఠీక్ హై" అనేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదని ఆయనే చెప్పేవాడు. కానీ నా మాటలు ఇంకో నోట విన్నప్పుడు ఎక్కడ తప్పు చెప్పానో నాకే వినిపించేది.

క్వార్టర్ల గోడలు పల్చన. పక్కింటి ఒడియా ఆవిడ కిటికీలోంచి అమ్మను అడిగింది, పొద్దస్తమానం ఆ చదువు ఎవరిదని. అమ్మ నీళ్ళు నమిలింది. ముందు గదిలోంచి నాన్నే గట్టిగా జవాబు చెప్పాడు, "నాదే దీదీ, డిపార్ట్‌మెంట్ కా ఎగ్జామ్ హై," అని. ఇంకో ఏడాది రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి ప్రమోషన్ పరీక్షకు చదువుతున్నాడని క్వార్టర్ల లైనంతా చెప్పుకుని నవ్వారు. ఎదురింట్లో ఉండే గూడ్సు బండి గార్డు గేటు దగ్గర నిలబడి, "ఏం దాదా, జనరల్ మేనేజర్ అవుతావా?" అని వేళాకోళం చేసేవాడు. నాన్న "అవుతాను దాదా" అని చెయ్యెత్తేవాడు. నాకు సిగ్గుగా ఉండేది, అంతకంటే ఎక్కువ ఊరటగా ఉండేది. ఆయన ఎవరికీ చెప్పడని తెలుసు.

ఒక్కటే భయం మిగిలింది. ఆ పత్రాలన్నీ ఇప్పుడు నా చెవిలో ఉన్నాయి. తెర మీద ఏ భాగం పెడతారో నాలుగైదు మాటలు పట్టుకోగలిగితే చాలు, మిగతాది నోటికొచ్చేస్తుంది. ఆ నాలుగైదు మాటలూ పట్టుకోలేకపోతే నా చదువు అక్కడితో సరి.

పరీక్ష పదకొండింటికి. ముందు గది సిగ్నలు కొంచెం కారి వచ్చేది మధ్య తలుపు దగ్గరే కాబట్టి, ట్రంకు పెట్టె మీద ఫోను నిలబెట్టి తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. అమ్మ పొయ్యి ఆర్పేసి, గరిట పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. తెర మీద మేడమ్, పక్క గడిలో మీసాల పెద్దమనిషి ఒకాయన.

మేడమ్ ముందు ఇంగ్లీషులో మామూలు ప్రశ్న అడిగింది. ప్రభుత్వం రాయించిన నివేదికను చరిత్రకారుడు ఏ సందర్భాల్లో అనుమానించాలి? నాకు తెలిసిన ప్రశ్న. సంతోషంలో, రోజూ చేస్తున్నట్టే, ముందు ఆ ప్రశ్న మొత్తం గట్టిగా తిరిగి చెప్పాను.

నా వీపు వెనక తలుపు అవతల నుంచి, ఆ ప్రశ్న మొత్తం, ఇంకా గట్టిగా, రైల్వే ఇంగ్లీషులో తిరిగి వచ్చింది. చివర "ఠీక్ హై" కూడా.

మీసాలాయన ముందుకు వంగాడు. "కే ఓఖానే?" అన్నాడు. ఎవరక్కడ అని.

నేను నోరు తెరిచేలోపు తలుపే జవాబు చెప్పింది. "సారీ సార్! డ్రైవర్, సార్! క్వారంటైన్, సార్!"

"నాన్నా, మాటాడకు!" అన్నాను.

"మాటాడను!" అన్నాడు నాన్న.

తలుపు వెనక మనిషిని పెట్టుకుని జవాబులు చెప్పించుకుంటున్నావా అని మీసాలాయన మండిపడ్డాడు. ఫోను తిప్పి గది చూపించమన్నాడు. చూపించాను. ట్రంకు పెట్టె, మంచం, గరిటతో అమ్మ, గడియ వేసిన తలుపు. ఆ గది అంత చిన్నదని వాళ్ళకు చూపిస్తున్నప్పుడే నాకూ తెలిసింది. తలుపు తెరవమన్నాడు. తెరవకూడదని, నాన్న విడిగా ఉంటున్నాడని చెప్పాను. నమ్మలేదు. "అయితే ఇది చదువు," అని తెర మీద ఒక పేజీ పెట్టాడు. "గట్టిగా, మొదటి నుంచి. నీ అంతట నువ్వే చదవగలవని చూపించు."

అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. దాన్ని పట్టించుకునే స్థితిలో లేను.

పేజీ చెదిరింది. ఒక్క మాట, ఒక్క మాట దొరికితే చాలని వెతికాను. దొరకలేదు. నాలుగో తరగతిలో నిలబడినట్టే నోరు తెరిచి కూర్చున్నాను. ముందు తెర, వెనక తలుపు, పక్కన గోడ. గడపలో అమ్మ గరిటను రెండు చేతులతో పట్టుకుంది.

"మసగ్గా ఉందా? పెద్దది చేస్తాను," అంది మేడమ్. పెద్దది చేసింది. చీమలు పెద్దవయ్యాయి, అంతే.

ఔనండీ మసగ్గా ఉంది, నెట్‌వర్క్ బాలేదు అనేస్తే ఇంకో రోజు వాయిదా వేసేవారు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఇంకో రోజైనా ఇదే గది, ఇదే పేజీ. నాకు ఉన్నట్టుండి విపరీతమైన కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. ఇన్నేళ్ళూ తలకిందుల పుస్తకం పట్టుకుని పెదవులు కదిపిన నా మీద.

"ఝాప్‌షా నయ్ మేడమ్," అన్నాను. "ఆమి పోడ్తే పారి నా." మసక కాదు మేడమ్, నాకు చదవడం రాదు.

అన్నాక ఇక ఆగలేదు. రైల్లో పక్క పిల్ల గొంతు, మొదటి బెంచీ, తలుపు అవతల నాన్న, ఆయన ఉద్యోగపు అలవాటు, అన్నీ చెప్పేశాను. ఆయనకు ఒక్క జవాబూ తెలియదని, ఎవరేం చెప్పినా తిరిగి చెబుతాడని చెప్పాను. "ఎమ్మే చివరికొచ్చి చదవడం రాదా?" అని మీసాలాయన మేడమ్‌ను అడిగాడు, నేను అక్కడ లేనట్టు.

మేడమ్ అద్దాలు పెట్టుకుంది. "నేను చదువుతాను, విను," అంది. ఒక వాక్యం చదివి ఆగింది. నేను తిరిగి చెప్పాను. రెండో వాక్యం పూర్తికాకముందే ఆ పేజీ నాకు తెలిసిపోయింది. కరువు కాలంలో ఒక కలెక్టరు రాసిన నివేదిక, నాన్న "ఫుల్‌స్టాప్" అని ఆగిన ప్రతి చోటూ గుర్తుంది. అందులో ఎవరి మాట ఉంది, ఎవరి మాట లేదు, ఆకలిని అన్నేసి పెద్ద మాటల కింద ఎలా దాచారు, అన్నీ చెప్పాను. మీసాలాయన గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేశాడు. ఒక్కోదాన్నీ ముందు గట్టిగా తిరిగి చెప్పి, తర్వాత జవాబు చెప్పాను. తలుపు అవతల నుంచి ఒక్క మాట రాలేదు. చివర్లో మీసాలాయన "హుఁ" అన్నాడు. ఫలితం తర్వాత తెలుస్తుందని మేడమ్ చెప్పింది, తెర నల్లబడింది. ఆ పేపరు నేను పాసయ్యాను, మార్కులు చెప్పుకోదగ్గవి కావు. కానీ ఆ పూట అదేమీ తెలియదు.

తలుపు తట్టాను. "నాన్నా, అయిపోయింది."

పలకలేదు. మళ్ళీ తట్టాను. ఎవరేం చెప్పినా తిరిగి పలికే మనిషి పలకడం లేదు. జ్వరం వచ్చిందా, పడిపోయాడా? అమ్మ వద్దంటున్నా పెరట్లోంచి సందు చుట్టి ముందుకు పరిగెత్తాను. ముందు గది తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. కుర్చీ మీద అద్దాలు.

లైను చివర, యార్డు గోడ దగ్గర, నిట్టనిలువు ఎండలో నిలబడి ఉన్నాడు. బనీను, లుంగీ, ముక్కుకు తువ్వాలు. నాకు వీపు చూపించి, రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని. నా గొంతు వింటే పలకకుండా ఉండలేనని, వినపడనంత దూరం వెళ్ళిపోయాడు. ఎవరో కిటికీలోంచి, "దాదా, లోపలికి పోండి, క్వారంటైన్ కదా!" అని అరుస్తున్నారు. అదీ ఆయనకు వినపడలేదు.

వ్యాగన్లను అటూ ఇటూ లాగే షంటింగ్ ఇంజను ఒకటి గోడ వెనక వెళ్ళేదాకా ఆగాను. ఆయన ఇటు తిరిగి చూసేసరికి ఆయనలాగే చెయ్యి పైకెత్తాను. "నాన్నా, అయిపోయింది!"

వేళ్ళు తీశాడు. చెయ్యెత్తాడు. "అయిపోయింది!" తర్వాత అడిగాడు, "ఏటి సెప్పినావు?"

దగ్గరికి వెళ్ళకూడదు. ఆయన రాకూడదు. ఏం చెప్పినా అరిచే చెప్పాలి. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పక్కింటి ఒడియా ఆవిడ, ఎదురింటి గార్డు, వాళ్ళ పిల్లలు, అందరూ చూస్తున్నారు. ఆ ఇళ్ళ మధ్యే పుట్టి పెరిగాను, అందరి దగ్గరా దాచాను.

"నాకు సదవడం రాదని సెప్పీసినాను!" అని అరిచాను.

ఆయన చెయ్యి పైకి లేచిందిగానీ మాట రాలేదు. కిటికీల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ చదువు తనదేనని లైనంతా నమ్మించిన మనిషి, ఇప్పుడు ఆ ముక్క తన నోటితో ఎలా అంటాడు? చెయ్యి అలాగే గాల్లో ఉంది. విన్న వెంటనే ఆయన తిరిగి పలకని మాట నా జీవితంలో అదొక్కటే.

నేను చెయ్యి దించలేదు. "పలకవేటి నాన్నా?" అన్నాను. "బండి నిలిపీసినాను."

తువ్వాలు కిందికి లాగాడు. మొత్తం లైను వినేలా అరిచాడు. "మా అమ్మీ, తనకి సదవడం రాదని సెప్పీసినాది! ఠీక్ హై!"

అందరూ విన్నారు. విననీ అనుకున్నాను.